రంగస్థల నృత్యంలో మోషన్ క్యాప్చర్, దేహ ప్రొజెక్షన్

నర్తకుల కదలికలను కెమెరాలతోనో, ఒంటికి కట్టిన సెన్సర్లతోనో కొలిచి అంకెలుగా నమోదు చేసే పద్ధతిని మోషన్ క్యాప్చర్ అంటారు. తెలుగులో దీన్ని చలన గ్రహణం అనవచ్చు. అలా వచ్చిన అంకెల నుంచి కంప్యూటరు గీసిన బొమ్మలను గానీ, ముందే తయారుచేసి పెట్టుకున్న దృశ్యాలను గానీ ప్రొజెక్టరు ద్వారా నేల మీదికి, తెర మీదికి, కొన్ని ప్రదర్శనల్లో నేరుగా నర్తకుల ఒంటి మీదికి ప్రసరింపజేయడమే దేహ ప్రొజెక్షన్. మొదటిది దేహం నుంచి సమాచారాన్ని తీసుకుంటే, రెండోది దేహం మీద వెలుగును పరుస్తుంది. ఒకటి కొలతల శాస్త్రం నుంచి, మరొకటి రంగస్థల దీపాలంకరణ నుంచి పుట్టినవి కాబట్టి ఈ రెండు విద్యలూ దాదాపు వందేళ్లపాటు దేని దారిన అది నడిచి, కంప్యూటర్లు తగినంత వేగం పుంజుకున్న 1990ల తరువాతే ఒకే వేదిక మీద కలుసుకున్నాయి.

మోషన్ క్యాప్చర్ అనగానే తెలుగు ప్రేక్షకులకు స్ఫురించేది సినిమా. 2014లో వచ్చిన రజనీకాంత్ చిత్రం ‘కోచ్చడయాన్’, తెలుగులో ‘విక్రమసింహ’గా విడుదలైనది, ఈ పద్ధతిలో తయారైనదే. అయితే సినిమాలో నటుడి కదలికలను ఒక రోజు పట్టుకొని, వాటిలోని లోపాలను నెలల తరబడి దిద్దుకొని, ఆ తరువాతే ప్రేక్షకుడికి చూపించే వెసులుబాటు ఉంటుంది. రంగస్థలం మీద ఆ వెసులుబాటు లేదు: కొలవడం, లెక్కించడం, గీయడం, ప్రసరించడం అన్నీ ప్రేక్షకుల ఎదుటే, రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో జరిగిపోవాలి, లేదా ముందే సిద్ధం చేసిన బొమ్మతో నర్తకి తన కాలాన్ని సరిపెట్టుకోవాలి. ఈ కళ చరిత్ర చాలావరకు ఈ రెండు మార్గాల మధ్య జరిగిన ఊగిసలాటే.

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. ఈ యంత్రాలు నృత్యంలో దేన్ని అందుకోగలవో, దేన్ని అందుకోలేవో తేల్చడానికి ఆ విభజన ఇప్పటికీ పదునైన కొలబద్దగా ఉపయోగపడుతుంది. మోషన్ క్యాప్చర్‌కు చిక్కేది ఆంగికంలో ఒక భాగం, అంటే కీళ్ల స్థానం, వంపు, వేగం మాత్రమే. ప్రొజెక్షన్ వేషం, రంగు, నగల వరుసలో ఆహార్యంగా వచ్చి చేరుతుంది. లోపలి భావం వల్ల ఒంట్లో పుట్టే కంపం, కంటి తడి, ముఖంలో రంగు మారడం వంటి సాత్విక లక్షణాలు ఈ కొలతలకు అందవు. ఈ రంగంలో నిలిచిన కృతులను పరిశీలిస్తే, వాటి కర్తలు యంత్రం వదిలేసేదాన్ని కప్పిపుచ్చకుండా, ఆ లోటునే రచనలో భాగం చేసుకున్నారని కనిపిస్తుంది.

వెలుగు దారి, కొలత దారి

కదిలే దేహాన్నే తెరగా మార్చి పేరు తెచ్చుకున్న తొలి నర్తకి అమెరికాకు చెందిన లోయీ ఫుల్లర్ (1862–1928). 1892లో పారిస్ నగరంలోని ఫోలీ బెర్జేర్ వినోదశాలలో ఆమె ప్రదర్శించిన సర్పనృత్యంలో పాదాల కదలికలకు పెద్ద ప్రాముఖ్యం లేదు. గజాల కొద్దీ పట్టువస్త్రాన్ని, చేతుల్లో పట్టుకున్న పొడవాటి కర్రల సాయంతో గాలిలో అలలుగా తిప్పుతూ ఉంటే, రంగు గాజు పలకల గుండా ప్రసరించిన విద్యుద్దీపాల కాంతి ఆ అలల మీద క్షణానికొక రంగుగా పడేది. అడుగునుంచి వెలిగే గాజు నేల, చుట్టూ అమర్చిన అద్దాలు, తెర వెనుక సంజ్ఞలు అందుకొని దీపాలు మార్చే పనివాళ్ల బృందం వంటివన్నీ ఆమె ప్రయోగాల్లో భాగాలు. కర్రలతో కూడిన ఆ దుస్తుకు 1894లో అమెరికాలో పేటెంటు కూడా సంపాదించింది. 1900 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆమెకు సొంత నాటకశాలే ఉండేది. వస్త్రానికి పేటెంటు దొరికిందిగానీ నృత్యానికి మాత్రం రక్షణ దొరకలేదు. తన సర్పనృత్యాన్ని మరొకరు అనుకరించారని ఆమె వేసిన దావాను 1892లో న్యూయార్క్ న్యాయస్థానం, ఆ నృత్యం కథ ఏదీ చెప్పడం లేదు కనుక అది నాటక రచన కిందికి రాదంటూ తోసిపుచ్చింది.

కొలత దారి అదే పారిస్‌లో, అంతకు పదేళ్ల ముందే మొదలైంది. శరీర ధర్మ శాస్త్రవేత్త ఎటియెన్ జూల్ మారే 1882లో తుపాకీ ఆకారంలో, సెకనుకు 12 చిత్రాలు తీయగల కెమెరాను తయారుచేశాడు. ఒకే పలక మీద వరుస భంగిమలను ముద్రిస్తే అవి ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా మారుతున్నాయని గమనించి, మనిషికి ఒళ్లంతా నల్లని దుస్తు తొడిగి, కీళ్ల దగ్గర మెరిసే గుండీలు, కాళ్లూ చేతుల పొడవునా తెల్లని పట్టీలు అమర్చి, నల్లని గోడ ముందు నడిపించాడు. ఫొటోలో మనిషి మాయమై, నడక మాత్రం గీతలుగా మిగిలింది. నేటి మోషన్ క్యాప్చర్ దుస్తుకు, దాని మీది మెరిసే గోళీలకు మారే నల్లదుస్తే మాతృక. మనిషిని చెరిపేస్తే తప్ప కదలిక దక్కదన్న ఆనాటి బేరం కూడా ఇంకా కొనసాగుతూనే ఉంది.

20వ శతాబ్దం మధ్యలో ఫుల్లర్ దారిని అమెరికన్ నృత్యకర్త ఆల్విన్ నికొలై (1910–1993) ముందుకు తీసుకెళ్లాడు. న్యూయార్క్‌లోని హెన్రీ స్ట్రీట్ ప్లేహౌస్‌లో పనిచేస్తూ నృత్యం, సంగీతం, దుస్తులు, దీపాలు నాలుగింటినీ తానే రూపొందించుకున్న ఈయన, చేత్తో రంగులు పూసిన స్లైడ్లను నర్తకుల ఒళ్ల మీదికి ప్రసరింపజేసి, మనిషి ఎక్కడ ముగుస్తాడో నేపథ్యం ఎక్కడ మొదలవుతుందో తెలియని దృశ్యాలను కల్పించాడు. మనుషులను వట్టి ఆకారాలుగా మార్చేస్తున్నాడన్న విమర్శ నికొలై మీద వచ్చింది. దేహ ప్రొజెక్షన్‌తో పనిచేసిన పలువురు కళాకారులు అదే విమర్శను ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నారు.

కదలికే వేదిక మీది యంత్రాలను నడపాలన్న ఆలోచనకు తొలి పెద్ద ఉదాహరణ 1965లో న్యూయార్క్‌లో నృత్యకర్త మెర్స్ కన్నింగ్‌హామ్ బృందం ప్రదర్శించిన ‘వేరియేషన్స్ V’. స్వరకర్త జాన్ కేజ్ సంగీత నిర్వహణలో, వేదిక మీద కాంతిని పసిగట్టే సెల్స్‌ను, రాబర్ట్ మూగ్ తయారుచేసిన యాంటెన్నా స్తంభాలను అమర్చి, నర్తకులు వాటి దగ్గరికి వచ్చినప్పుడూ కాంతికి అడ్డుపడినప్పుడూ ధ్వనులు పుట్టేలా చేశారు. వెనుక స్టాన్ వాండర్‌బీక్ చలనచిత్రాలు, నామ్ జూన్ పైక్ వంకరలు తిప్పిన టీవీ దృశ్యాలు నడిచాయి. ఏ అడుగుకు ఏ శబ్దం పుట్టిందో ప్రేక్షకుడికి తెలిసే అవకాశం తక్కువ. కన్నింగ్‌హామ్‌కు, కేజ్‌కు ఆ అస్పష్టతే ఇష్టం.

పట్టుకొనే పద్ధతులు

నేడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో అత్యంత కచ్చితమైనది కెమెరాలతో, మార్కర్లతో చేసేది. కీళ్ల దగ్గర, ఎముకలు పైకి తేలిన చోట్ల కాంతిని వెనక్కి తిప్పికొట్టే చిన్న గోళీలను అంటిస్తారు. చుట్టూ ఎత్తులో అమర్చిన కెమెరాల నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి వెలువడి గోళీలను తాకి వెనక్కి వస్తుంది. ఒకే గోళీని కనీసం రెండు కెమెరాలు రెండు కోణాల నుంచి చూస్తే, త్రికోణమితి లెక్కతో అది గదిలో ఎక్కడుందో మిల్లీమీటర్ల తేడాతో తేలుతుంది. సెకనుకు 100 సార్లకు పైగా జరిగే ఈ లెక్కకు కెమెరాలన్నీ చూడగలిగిన మేరే హద్దు. ఆ హద్దులోని చోటును సాంకేతిక నిపుణులు వాల్యూమ్ అంటారు. ఇద్దరు నర్తకులు కౌగిలించుకున్నా, ఒకరు నేల మీద దొర్లినా గోళీలు మరుగునపడతాయి. మళ్లీ కనిపించినప్పుడు ఎడమ మోచేతిని కంప్యూటరు కుడి మోకాలుగా పొరబడవచ్చు. స్టూడియోలో ఇది దిద్దుకోగల తప్పు. ప్రదర్శన మధ్యలో అయితే తెర మీది బొమ్మ చెయ్యి ఒక్కసారిగా మెలితిరిగిపోతుంది.

రెండోది సెన్సర్ల దుస్తు. త్వరణాన్ని, భ్రమణాన్ని, భూ అయస్కాంత దిశను కొలిచే చిన్న పెట్టెలను ఒంటి భాగాలకు కట్టుకుంటారు. ఎక్స్‌సెన్స్ సంస్థ ఎంవీఎన్ దుస్తులో ఇవి 17 ఉంటాయి. కెమెరాలు అక్కర్లేదు, మరుగుపడే బెడద లేదు, నర్తకి పక్కతెరల వెనక్కి వెళ్లినా కొలత ఆగదు. అయితే చిన్న చిన్న పొరపాట్లు పోగుపడి, కాసేపటికి బొమ్మ అసలు మనిషి నిలబడిన చోటు నుంచి మెల్లగా పక్కకు జరిగిపోతుంది. వేదిక కింద ఇనుప చట్రం ఉంటే అయస్కాంత సెన్సర్ తికమకపడుతుంది. అందుకే ఈ దుస్తు భంగిమను బాగా చెబుతుంది, స్థానాన్ని అంత నమ్మకంగా చెప్పదు. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 2016లో ఇంటెల్, ఇమాజినేరియం సంస్థలతో కలిసి ప్రదర్శించిన ‘ది టెంపెస్ట్’ నాటకంలో గాలిభూతమైన ఏరియల్ పాత్రధారి ఇలాంటి దుస్తు వేసుకొనే నటించాడు; అతని కదలికలకు అనుగుణంగా గాలిలో తేలే రూపం అప్పటికప్పుడే వేదిక మీద ప్రత్యక్షమయ్యేది.

మూడోది మార్కర్లూ దుస్తులూ ఏవీ లేని పద్ధతి. 2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆటల కోసం విడుదల చేసిన కినెక్ట్ పరికరం, ఎదుట ఉన్న ప్రతి బిందువు ఎంత దూరంలో ఉందో కొలిచి, మనిషి ఒంట్లో 20 కీళ్లను గుర్తించేది. ఖరీదైన స్టూడియోలను భరించలేని చిన్న నృత్యబృందాలకు, కళాశాలలకు ఇది వరమైంది. కానీ అది కూర్చునే గదికి కొలిచి కుట్టిన పరికరం. సుమారు 4 మీటర్లు దాటితే దాని చూపు మసకబారుతుంది, గిర్రున తిరిగే నర్తకి ముందువైపునూ వెనుకవైపునూ పోల్చుకోలేదు. 2017లో దాని తయారీ ఆగిపోయాక, మామూలు వీడియో నుంచే కీళ్లను ఊహించే కృత్రిమ మేధ పద్ధతులు ఆ స్థానాన్ని తీసుకున్నాయి.

వీటన్నిటికంటే సాదాసీదాది, రంగస్థలం మీద అన్నిటికంటే ఎక్కువగా ఫలించినది మరొక ఉపాయం: కీళ్ల జోలికి పోకుండా దేహపు నీడరూపాన్ని మాత్రమే గుర్తించడం. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. కెమెరా వేదికను చూస్తూ ఉండగా ప్రొజెక్టరు అదే వేదిక మీద బొమ్మలు వేస్తే, కెమెరాకు ఆ బొమ్మలూ కనిపించి ఏది మనిషో ఏది వెలుగో తేలదు. దీనికి విరుగుడుగా వేదికను పరారుణ కాంతితో నింపి, ఆ కాంతిని మాత్రమే లోనికి రానిచ్చే వడపోత గాజును కెమెరాకు తొడుగుతారు. ప్రొజెక్టరు వెలుగు ఆ కెమెరాకు చీకటే. పాత హాలోజన్ దీపాలు పరారుణాన్ని ధారాళంగా వెదజల్లుతాయి కనుక అవి వెలిగితే లెక్కంతా తారుమారవుతుంది. అందువల్ల ఇలాంటి ప్రదర్శనల్లో ఎల్‌ఈడీ దీపాలకే మొగ్గు, లేదా ప్రొజెక్టరు వెలుగే ఏకైక దీపం.

ఏ పద్ధతి వాడినా తప్పనిది జాప్యం. కెమెరా చూడడానికి, కంప్యూటరు లెక్కించడానికి, ప్రొజెక్టరు గీయడానికి తలా కొంత సమయం పడుతుంది. మొత్తం సెకనులో పదోవంతు అనుకుంటే, సెకనుకు 3 మీటర్ల వేగంతో విసిరిన చెయ్యి 30 సెంటీమీటర్లు ముందుకు పోయాక గానీ దాని బొమ్మ పడదు, అంటే చేతి మీద పడాల్సిన వెలుగు చెయ్యి వదిలేసిన ఖాళీలో పడుతుంది. టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన డైనాఫ్లాష్ ప్రొజెక్టరు సెకనుకు 1,000 చిత్రాలు, 3 మిల్లీసెకన్ల జాప్యంతో ప్రసరించి, ఊగే గుడ్డ మీద సైతం బొమ్మ అతుక్కున్నట్టు నిలిపింది. అంతటి పరికరాలు అందుబాటులో లేని నృత్యకర్తలు కదలికను నెమ్మదింపజేయడమో, వెలుగుకు తోకలాంటి ఆకారం ఇచ్చి ఆలస్యాన్ని అలంకారంగా మార్చడమో చేస్తారు. ఈ నృత్యాల్లో జాడలు, అలలు, పొగలు అంత తరచుగా కనిపించడానికి సౌందర్య దృష్టి ఎంత కారణమో ఈ ఇబ్బందీ అంతే కారణం.

‘బైపెడ్’

ఈ రంగంలో అందరూ మొదట చెప్పే కృతి 1999 ఏప్రిల్ 23న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కన్నింగ్‌హామ్ బృందం తొలిసారి ప్రదర్శించిన ‘బైపెడ్’. కన్నింగ్‌హామ్‌కు అప్పటికి 80 ఏళ్లు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో తయారైన లైఫ్‌ఫామ్స్ సాఫ్ట్‌వేర్ మీద, కీళ్లవాతం వల్ల తాను చేసి చూపలేని కదలికలను బొమ్మల చేత చేయిస్తూ ఆయన దాదాపు పదేళ్లుగా నృత్యాలు కూర్చుతున్నాడు. చిత్రకారులు పాల్ కైజర్, షెల్లీ ఎష్కర్ ముగ్గురు నర్తకుల కదలికలను మార్కర్లతో పట్టుకొని, వాటికి మాంసమూ ముఖమూ ఇవ్వకుండా, చేత్తో గీసిన గీతల్లాంటి, చుక్కల్లాంటి, కర్రల్లాంటి రూపాలు కల్పించారు. కదలికను బొమ్మకు తొడగడానికి వారు వాడిన సాఫ్ట్‌వేర్ పేరే బైపెడ్, అంటే రెండు కాళ్ల ప్రాణి. నృత్యానికీ ఆ పేరే స్థిరపడింది.

వేదిక ముందు భాగంలో పైనుంచి కిందికి వేలాడే పలుచని జాలి తెర మీద ఈ బొమ్మలు పడతాయి. తెర వెనుక దీపం వెలిగితే నర్తకులు స్పష్టంగా కనిపిస్తారు. కనుక ప్రేక్షకుడి కంటికి వెలుగు మనుషులు, రక్తమాంసాల మనుషులు ఒకే గాలిలో కదులుతున్నట్టు ఉంటుంది. తెర మీది ఆకారం ఒకసారి వేదిక ఎత్తంత పెరుగుతుంది, మరొకసారి నర్తకులతో సమానంగా నడుస్తుంది, ఉన్నట్టుండి నిలువు గీతల వానగా విడిపోతుంది. ఆరన్ కాప్ రూపొందించిన దీపాలంకరణలో నేల మీద చతురస్రాలు క్రమం తెలియకుండా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. వేదిక వెనుక నల్లని తెరల గూళ్లలోంచి నర్తకులు ప్రవేశించి, అడుగు వెనక్కి వేయగానే అదృశ్యమవుతారు. గావిన్ బ్రయర్స్ సంగీతంలో కొంత ముందే రికార్డు చేసినది, కొంత అక్కడికక్కడ వాయించేది. నృత్యం, సంగీతం, దృశ్యం ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా వేర్వేరుగా తయారై వేదిక మీద కలుసుకోవాలన్న కన్నింగ్‌హామ్ చిరకాల నియమం ఇక్కడా అమలైంది.

గుర్తుంచుకోవలసిన సంగతి, ‘బైపెడ్’లో అప్పటికప్పుడు పట్టుకొనేది ఏదీ లేదు. బొమ్మలన్నీ ముందే తయారైనవి. తెర మీది ఆకారం తెర వెనుక నర్తకిని అనుసరించదు, ఆమె దాన్ని అనుసరించదు. ఇద్దరూ ఒకే నృత్యభాష మాట్లాడే పరిచయస్థుల్లా పక్కపక్కన ఉంటారంతే. ప్రత్యక్షంగా కొలిచి ప్రత్యక్షంగా వేయడమే ఈ కళకు పరాకాష్ఠ అని వాదించేవారికి ఈ కృతి ఇబ్బంది కలిగిస్తుంది. దాన్ని మించిన ప్రత్యక్ష కృతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. అదే 1999లో కైజర్, ఎష్కర్‌లు నర్తకుడు బిల్ టి. జోన్స్‌తో చేసిన ‘గోస్ట్‌క్యాచింగ్’ మరో ప్రశ్న రేపింది. నల్లజాతి కళాకారుడిగా తన దేహాన్ని చూసే తీరు మీదే ఎంతో కళను నిర్మించుకున్న జోన్స్ కదలికల నుంచి ఒంటి రంగును, బరువును, చూపును తీసేస్తే మిగిలేది జోన్సేనా అన్నది ఆ ప్రశ్న. గీతలుగా మారినా ఆ నడకలో ఆయన పోలిక తెలుస్తుందన్నవారున్నారు. పోలిక తెలియడం వేరు, మనిషి ఉండడం వేరు అన్నవారూ ఉన్నారు.

కైజర్, ఎష్కర్‌లే మార్క్ డౌనీతో కలిసి 2005లో నృత్యకర్త ట్రిషా బ్రౌన్ బృందానికి, అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నిజంగానే ప్రత్యక్ష మోషన్ క్యాప్చర్‌తో ఒక నృత్యానికి దృశ్యాలు సమకూర్చారు. వాల్యూమ్ అంచున వ్యక్తి ఎంతసేపు తచ్చాడుతాడు అన్న అర్థం వచ్చే పొడవైన వాక్యమే దాని పేరు. అది సాంకేతిక నిపుణుల మాటల్లోంచి ఏరుకున్నది. అందులో తెర మీది ఆకారాలు నర్తకులను అనుకరించవు. తమకంటూ చిన్న చిన్న ఉద్దేశాలున్న ప్రాణుల్లా, దగ్గరగా వచ్చిన నర్తకిని పట్టుకొని వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలని ప్రయత్నిస్తాయి, ఒక్కోసారి విఫలమవుతాయి. అనుకరణ నుంచి తప్పుకోవడం ఈ కళకు దొరికిన మంచి మలుపుల్లో ఒకటి.

ఒంటి మీది వెలుగు

ఆస్ట్రియాకు చెందిన క్లాస్ ఓబర్మాయర్ కృషిలో దేహ ప్రొజెక్షన్ ఎదుగుదల మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. 1990ల చివర నర్తకుడు క్రిస్ హేరింగ్‌తో చేసిన ‘డి.ఎ.వి.ఇ.’లో దృశ్యాలన్నీ ముందే చిత్రించినవి. ఒంటి మీద మరో ఒంటి బొమ్మ సరిగ్గా అతకాలంటే నర్తకుడే అంగుళం తేడా లేకుండా నిర్ణీత స్థానంలో, నిర్ణీత క్షణంలో ఉండాలి. ఏమరుపాటు కలిగితే కన్ను చెంప మీదికి జారుతుంది. 2004లో లింట్స్ నగరంలోని ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవంలో ప్రదర్శించిన ‘అపరిషన్’ ఆ బానిసత్వాన్ని తొలగించింది. పరారుణ కెమెరా నర్తకుల నీడరూపాన్ని గుర్తిస్తూ ఉండడం వల్ల, వారు ఎక్కడికి కదిలినా వారి ఒంటి మీద ఒక దృశ్యం, వెనుక తెర మీద మరొకటి కలవకుండా వేయడం సాధ్యమైంది. నర్తకికి స్వేచ్ఛ దొరికింది నిజమే గానీ, ముందరి కృతిలోని ఉత్కంఠ, అంటే వెలుగు తప్పుతుందేమోనన్న ప్రమాదం, ఆ స్వేచ్ఛతోపాటు కొంత తగ్గిందని కూడా చెప్పాలి.

మెల్‌బోర్న్‌కు చెందిన చంకీ మూవ్ బృందం కోసం గిడియన్ ఒబర్జానెక్, జర్మన్ ఇంజనీరు ఫ్రీడర్ వైస్‌తో కలిసి రూపొందించిన ‘గ్లో’ (2006) అరగంటకు లోపే ముగిసే ఏకపాత్ర నృత్యం. తెల్లని నేల మీద ఒక నర్తకి పాకుతూ, దొర్లుతూ ఉంటే, తలపైన ఉన్న ప్రొజెక్టరు ఆమె చుట్టూ గీతలు, వలయాలు, నల్లని మరకలు గీస్తుంది. ప్రేక్షకులు చుట్టూ కూర్చొని కిందికి చూస్తారు. కెమెరా, ప్రొజెక్టరు ఒకే దిక్కు నుంచి చూడడం వల్ల ఒంటికీ బొమ్మకూ మధ్య వాలు తేడా దాదాపు ఉండదు. ఒక సాంకేతిక ఇబ్బందికి దొరికిన పరిష్కారమే నృత్యానికి నేలబారు భాషను ఇచ్చింది. 2008లో వచ్చిన ‘మోర్టల్ ఇంజిన్’ అదే పద్ధతిని పలువురు నర్తకులకు, ఎత్తుగా వాల్చిన వేదికకు విస్తరించింది. మొదటిదానిలో నర్తకిని వదలని నల్లని ఆకారాలు ఆమె లోపలి భయాలుగా తోస్తాయి. రెండోది వైభవంలో ముందుంది, లోతులో మొదటిదాన్ని దాటలేదు.

అమెరికాలో ట్రోయ్‌కా రాంచ్ బృందపు మార్క్ కొనిగ్లియో, కీళ్ల వంపును కొలిచి సంగీతాన్ని నడిపే మిడిడాన్సర్ దుస్తును 1980ల చివరే తయారుచేశాడు. తమ ప్రదర్శనల కోసం ఆయన రాసుకున్న ఇసడోరా అనే సాఫ్ట్‌వేర్, నర్తకి ఇసడోరా డంకన్ పేరు పెట్టుకున్నది, 2002 నుంచి ఇతర బృందాలకూ అందింది. ప్రోగ్రామింగ్ రాని నృత్యకర్తలు సైతం కెమెరాను, వీడియోను, ధ్వనిని ముడివేయగలగడానికి ఇలాంటి సాఫ్ట్‌వేర్లే కారణం. ఫ్రాన్స్‌లోని లియాన్‌కు చెందిన ఆద్రియాన్ ఎం - క్లెయిర్ బి బృందం మరో దారి ఎంచుకుంది. హిప్‌హాప్ నృత్యకర్త మురాద్ మెర్జూకితో వారు 2014లో చేసిన ‘పిక్సెల్’ వంటి కృతుల్లో బొమ్మల కదలికను పూర్తిగా సెన్సర్లకు వదలకుండా, చాలాచోట్ల తెర వెనుక ఉన్న మనిషే నర్తకులను చూస్తూ చేత్తో నడిపిస్తాడు. తోలుబొమ్మలాటలో దీపానికీ తెరకూ మధ్య నిలబడి, పాట లయను బట్టి బొమ్మ చెయ్యి విసిరే కళాకారుడి పని లాంటిదే ఇదీ. జాప్యానికి ఇంతకు మించిన మందు ఇంకా రాలేదు, ఎందుకంటే అనుభవమున్న మనిషి నర్తకి అడుగు పడకముందే దాన్ని ఊహించగలడు.

భారతీయ నృత్యాల సంగతి

భారతదేశంలో ఈ ప్రయోగాలకు ప్రధాన కేంద్రం బెంగళూరులో జయచంద్రన్ పాలాళి నాయకత్వంలో 1992లో మొదలైన అట్టక్కలరి సంస్థ. ‘నాగరిక’ పేరుతో భరతనాట్యం కదలికల సూత్రాలను డిజిటల్ రూపంలో భద్రపరచే పనిని అది చేపట్టింది. శిలప్పదికారం స్ఫూర్తితో, జర్మన్ మీడియా కళాకారుడు క్రిస్ జీగ్లర్ దృశ్యరచనతో రూపొందించిన ‘క్రోనోటోపియా’ దాని పేరెన్నికగన్న ప్రదర్శనల్లో ఒకటి. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు కినెక్ట్‌తో భరతనాట్యం అడవులను, అంటే మూల అడుగుల కూర్పులను, నమోదు చేసి, వాటికి పలికే సొల్లుకట్టు జతుల తాళపు దెబ్బలతో కీలక భంగిమలను జోడించి కంప్యూటరు చేత గుర్తింపజేశారు. అయితే అది ప్రదర్శన కోసం చేసినది కాదు, నృత్యాన్ని లిపిబద్ధం చేయడానికి చేసినది.

కూచిపూడి, భరతనాట్యం వంటివి ఈ యంత్రాలకు లొంగకపోవడానికి స్పష్టమైన కారణాలున్నాయి. అభినయ దర్పణం ఒంటి చేతి ముద్రలే 28 చెప్పింది. పతాకానికీ త్రిపతాకానికీ తేడా ఉంగరపు వేలు వంపు ఒక్కటే. ఒళ్లంతటికీ అంటించిన మార్కర్లతో వేళ్లు తెలియవు. వేళ్లకు విడిగా మార్కర్లు అంటిస్తే అవి ఒకదానినొకటి కప్పేసుకుంటాయి. సాధ్యం కాదని కాదు: కన్నింగ్‌హామ్ తన చేతుల నృత్యం ‘లూప్స్’ను 2001లో మోషన్ క్యాప్చర్ చేయించాడు. కానీ అది చేతులను మాత్రమే చూసిన పని. కూచిపూడిలో అడుగు, చెయ్యి, చూపు మూడూ ఒకేసారి దక్కితేనే అర్థం పూర్తవుతుంది. దానికితోడు చీర కుచ్చిళ్లు మోకాళ్లను, నగలు మెడను, పొడవాటి జడ వీపును కప్పుతాయి. నగల తళుకును కెమెరా మార్కరుగా పొరబడుతుంది. గజ్జెల కాలు నేలను బలంగా తాకినప్పుడల్లా చీలమండ దగ్గరి సెన్సర్‌కు పెద్ద కుదుపు తగులుతుంది. ఆహార్యాన్ని వదిలి నల్లదుస్తు తొడుక్కుంటే కొలత కుదురుతుంది, కూచిపూడి మాత్రం సగమైపోతుంది.

ఇంకొకవైపు చూస్తే, కదలిక నుంచి బొమ్మ పుట్టించడం ఈ సంప్రదాయానికి కొత్త కాదు. కూచిపూడిలోని సింహనందినిలో నర్తకి 128 అక్షరాల సింహనందన తాళానికి అడుగులు వేస్తూ, రంగుపొడి మీద పరిచిన గుడ్డపై పాదాలతోనే సింహం బొమ్మను తీర్చిదిద్దుతుంది. అక్కడ చలనమే చిత్రం. నృత్యం ముగిశాక గుడ్డను ఎత్తి చూపిస్తే అడుగుల లెక్కంతా ప్రేక్షకుల కళ్ల ముందుంటుంది. ‘గ్లో’ నేల మీద వెలుగు గీసిన గీతలు మరుక్షణం చెరిగిపోతాయి, ఇవి నిలుస్తాయి. తెలుగు నృత్యకర్తలు ఈ రంగంలోకి దిగదలిస్తే, ముఖాభినయం నిండిన పదాలూ జావళుల కన్నా పాదాల గణితం ప్రధానమైన ఇలాంటి అంశాలే అనువైన ప్రవేశద్వారమని తోస్తుంది.

హక్కులు, భద్రపరచడం

నర్తకి ఒంటి నుంచి తీసిన అంకెలు ఎవరివన్నది ఇంకా స్థిరపడని విషయం. నృత్యాన్ని కూర్చినవారు, చేసినవారు, కొలిచిన సంస్థ, బొమ్మలు గీసినవారు, అందరికీ అందులో వాటా కనిపిస్తుంది. వీడియో గేముల్లో పాత్రల చేత ఆడించే పొట్టి నృత్యాల మీద అమెరికాలో వచ్చిన వ్యాజ్యాల్లో ఒకదానిపై 2023లో అప్పీలు న్యాయస్థానం తీర్పునిస్తూ, నృత్యరచనను విడివిడి భంగిమల జాబితాగా చూడడం తగదని, కదలికల ఎంపిక, కూర్పు మొత్తంగా పరిగణించాలని చెప్పి, కింది కోర్టు కొట్టేసిన దావాను పునరుద్ధరించింది. కథ లేదన్న కారణంతో ఫుల్లర్ ఓడిన 1892తో పోలిస్తే న్యాయశాస్త్రం చాలా దూరమే వచ్చింది.

అంతకంటే రోజువారీ సమస్య, ఈ కృతులను కాపాడుకోవడం. కన్నింగ్‌హామ్ బృందం 2011 డిసెంబరు 31న చివరి ప్రదర్శన ఇచ్చి రద్దయినా, దృశ్యాలు ముందే తయారైన ఫైళ్లుగా ఉన్నాయి కనుక ‘బైపెడ్’ను మరో బృందం నేర్చుకొని ప్రదర్శించడం కష్టం కాదు. ప్రత్యక్షంగా పట్టుకొనే కృతుల పరిస్థితి వేరు: నాటి కెమెరాలు, నాటి కంప్యూటర్లు, వాటికే పనికొచ్చే సాఫ్ట్‌వేర్ మూలపడితే, అడుగులన్నీ గుర్తున్నా నృత్యాన్ని తిరిగి నిలబెట్టడం కుదరదు. కినెక్ట్ మీద ఆధారపడి కూర్చిన నృత్యాలు చాలా ఇప్పటికే ఈ స్థితికి వచ్చాయి. అందుకని కొన్ని బృందాలు నృత్యలిపితో, వీడియోతో పాటు ఏ కదలికకు ఏ వెలుగు ఎలా స్పందించాలో మామూలు మాటల్లో రాసి పెట్టుకుంటున్నాయి. రేపటి యంత్రం ఏదైనా, దానితో మళ్లీ కట్టుకోవడానికి పనికొచ్చేది ఆ వివరణే.